పురుగుమందు కొట్టేవారికి విషం ఎక్కడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మందు కలిపేవారు, కొట్టేవారు, కొట్టిన చేలో దిగి కలుపు తీసే, కాయ కోసే కూలీలు, వాళ్ల బట్టలు ఉతికే ఇంటివాళ్లు, వీళ్లందరూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఎదురుగా మనిషి పడిపోయి ఉంటే ముందు "మనిషి పడిపోయాడు" అన్న ప్రశ్నకు వెళ్లండి. మిగతావి తర్వాత చదువుకోవచ్చు.

మందు నోట్లోకి పోలేదు, విషం ఎలా ఎక్కింది?

చర్మం గుండా. చేలో పనిచేసేవారి ఒంట్లోకి విషం చేరే ప్రధాన దారి ఇదే. ముక్కు, నోరు దాని తర్వాతివి. నూనెలాంటి ద్రావకంలో కరిగించి, నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే మందులు (డబ్బా మీద "ఇ.సి." అని ఉంటుంది) చర్మంలోకి తేలిగ్గా దిగుతాయి. మంట, దురద లేనంత మాత్రాన లోపలికి పోలేదనుకోవద్దు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు (క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందుల రకం) చాలావరకు చర్మానికి ఏమీ తెలియకుండానే దిగిపోతాయి.

ఒళ్లంతా ఒకేలా పీల్చుకోదు. పారాథియాన్ అనే మందుతో గతంలో మనుషుల మీద చేసిన పరీక్షల్లో, ముంజేతితో పోలిస్తే నుదురు సుమారు 4 రెట్లు, చంక 7 రెట్లు, వృషణాల చర్మం 11 రెట్లకు పైగా పీల్చుకున్నట్టు తేలింది. అంటే ట్యాంకు కారి నడుము కింద ఫ్యాంటు తడవడం, మందు చేత్తో నుదుటి చెమట తుడుచుకోవడం, చేతులు కడుక్కోకుండా మూత్రానికి వెళ్లడం చిన్న విషయాలు కావు. చెమట పట్టి నానిన చర్మం, గీరుకుపోయిన చర్మం, పుండ్లున్న చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి.

మొత్తం పనిలో ఎక్కువ ప్రమాదం ఎక్కడ?

మందు కలిపే ఆ ఐదు నిమిషాల్లో. లెక్క చూడండి. లీటరు నీటికి 2 మి.లీ. కలిపే మందైతే, డబ్బాలోని ఒక్క మిల్లీలీటరు అరలీటరు పిచికారీ నీళ్లతో సమానం. మూత తిప్పేటప్పుడు వేళ్లకు అంటిన తడి, కొలిచేటప్పుడు మణికట్టు మీదుగా జారిన ధార పూట పొడుగునా మీద పడే తుంపరకంటే ఎక్కువ విషాన్ని ఒంటికి చేర్చగలవు. అయినా చాలామంది పిచికారీ మొదలుపెట్టాకే మాస్కు కట్టుకుంటారు. కలిపేది మాత్రం వట్టి చేతులతోనే.

కలిపేటప్పుడు డబ్బాను కంటికంటే ఎత్తులో పట్టుకోవద్దు. అల్యూమినియం సీలును పళ్లతో కొరకడం, గోటితో గుచ్చడం మానండి. ట్యాంకులో ముందు సగం నీళ్లు పోసి, మందు పోసి, మిగతా నీళ్లు నింపండి. చేత్తో కలపొద్దు, పొడవాటి కర్రతో కలపండి, ఆ కర్రను ఇంకే పనికీ వాడొద్దు. గాలి మీ వీపు మీదుగానో పక్క నుంచో వీచేలా నిలబడండి. పొడిమందైతే సంచిని చించకుండా కత్తెరతో కోయండి, ఎత్తు నుంచి కుమ్మరిస్తే ధూళి లేచి నేరుగా ముక్కులోకి వెళ్తుంది.

డబ్బా మీద రంగు చూస్తే మందు ఎంత విషమో తెలుస్తుందా?

కొంతవరకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను అనుసరించే లేబుళ్లలో ఎరుపు అత్యంత విషపూరితమైనవాటికి, పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తక్కువవాటికి. ఈ వర్గీకరణకు ఆధారం ఎలుకల్లో సగం చనిపోయే మోతాదు. అది శరీర బరువులో కిలోకు 5 మి.గ్రా. లోపు నోటి ద్వారా అయితే మొదటి వర్గంలో "ఎ", 5 నుంచి 50 అయితే "బి", 50 నుంచి 2000 వరకు రెండో వర్గం (పసుపు).

51కీ 2000కీ ఒకే వర్గం కావడం ఇందులో చిక్కు. పారాక్వాట్ కలుపుమందు రెండో వర్గంలోనే ఉంది. కానీ 20 శాతం మందు ఒకటి రెండు గుక్కలు కడుపులోకి పోతే బతకడం అరుదు, విరుగుడు లేదు. రంగు ఆ ఒక్కసారికి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదాన్నే చెబుతుంది. ఏళ్ల తరబడి వాడితే వచ్చే జబ్బుల గురించి, కంటికి జరిగే హాని గురించి చెప్పదు. కాబట్టి రంగుతో ఆగకుండా అసలు మందు పేరు చదవండి. వ్యాపార పేర్లు ఎన్నైనా ఉంటాయి, లోపలి మందు ఒకటే కావచ్చు.

విషం ఎక్కుతోందని ముందుగా ఎలా తెలుస్తుంది?

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బోఫ్యూరాన్, మిథోమిల్ వంటి కార్బమేట్లు ఒకే పద్ధతిలో దెబ్బతీస్తాయి. నరం కండరానికి సంకేతం పంపాక ఆ సంకేతాన్ని ఆపే ఎంజైమును, కోలినెస్టరేజ్‌ను, ఇవి పట్టేస్తాయి. దాంతో నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. అందుకే ఒంట్లో ఊరేవన్నీ ఊరుతాయి, బిగిసేవన్నీ బిగుస్తాయి.

మొదట్లో తలనొప్పి, కళ్లు మసకబారడం, వికారం, ఎక్కడలేని నీరసం. వీటిని ఎండ దెబ్బ అనో, పొద్దున ఏమీ తినలేదనో కొట్టిపారేస్తారు. తర్వాత చొంగ కారడం, కళ్ల నీళ్లు, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు, ఛాతీ బిగుసుకుపోవడం. కంటిపాప సూదిమొనంత అవుతుంది. రెప్పలు, చెంపలు, పిక్కల్లో కండరాలు వాటంతటవే అదురుతుంటాయి. ఇక్కడికి వచ్చిందంటే పరిస్థితి ముదిరినట్టే. ఊపిరితిత్తుల్లో కళ్లె నిండి గురగుర శబ్దం, తికమక, ఫిట్స్, స్పృహ తప్పడం ఆపైన వస్తాయి. చనిపోయేది చాలావరకు ఊపిరి ఆడకే.

చర్మం ద్వారా ఎక్కినప్పుడు లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు. పని ముగించి, ఇంటికి చేరాక, ఒక్కోసారి రాత్రికి మొదలవుతాయి. అందుకే మందు కొట్టినరోజు రాత్రి ఇంట్లో ఎవరో ఒకరికి ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఎండ దెబ్బా, మందు దెబ్బా? తేడా ఎలా పట్టాలి?

రెండింటిలోనూ తలనొప్పి, చెమట, వికారం, నీరసం ఉంటాయి. నోరు, కళ్లు, నాడి చూడండి. ఎండ వల్ల సోలిపోయినవాడి నోరు ఎండిపోతుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, కంటిపాప చిన్నదవదు, నీడలో పడుకోబెడితే త్వరగానే తేరుకుంటాడు. ఆర్గానోఫాస్ఫేట్ ఎక్కినవాడి నోట్లో ఉమ్మి ఊరుతుంది, కళ్ల నీళ్లు కారతాయి, కంటిపాప చిన్నదవుతుంది, నాడి తరచుగా నెమ్మదిస్తుంది. అయితే నాడి వేగంగా ఉన్నంత మాత్రాన విషం కాదని తేల్చేయొద్దు. రెండూ ఒకేసారి తగలొచ్చు కూడా. తేల్చుకోలేకపోతే మందు దెబ్బే అనుకుని నడుచుకోండి.

మొహం మీద చీమలు పాకినట్టుంది, మంటగా ఉంది. ప్రమాదమా?

సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్లు కొట్టినప్పుడు ఇది మామూలే. మందు చర్మంలోని నరాల చివరలను రేపుతుంది. చెమట పడితే, ఎండ తగిలితే, వేణ్ణీళ్లు పోసుకుంటే మంట ఇంకా పెరుగుతుంది. చల్లటి నీళ్లు, సబ్బుతో మెల్లగా కడిగి, విటమిన్ ఇ నూనె రాస్తే కొంత ఉపశమనం. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది.

కానీ ఆ మంట ఒక సూచన. చేతి మందు మొహానికి చేరిందని అర్థం. అదే దారిలో రేపు ఇంకో మందు చేరుతుంది, అది మంట పెట్టకపోవచ్చు. పైరిథ్రాయిడ్‌నూ ఆర్గానోఫాస్ఫేట్‌నూ కలిపి అమ్మే మందులున్నాయి. వాటితో మొహం మంట ఒక్కటే చూసి ఊరుకుంటే పొరపాటు.

మనిషి పడిపోయాడు. ఇప్పుడు ఏం చేయాలి?

1. మందు ఉన్నచోటు నుంచి పక్కకు, గాలి ఆడే చోటికి తీసుకెళ్లండి. ముందు మీ చేతులకు గ్లవుజులు, అవి లేకపోతే ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి. అతని తడి బట్టల నుంచి మీకూ ఎక్కుతుంది.
2. ఊపిరి ఆడుతోందా చూడండి. ఆడకపోతే సాయం మొదలుపెట్టండి. నోటికి మందు అంటి ఉంటే నేరుగా నోట్లో నోరు పెట్టి ఊదొద్దు, ఛాతీ నొక్కడం కొనసాగించండి. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు అంబులెన్సుకు ఫోన్ చేయాలి.
3. బట్టలన్నీ తీసేయండి. లోదుస్తులు, బెల్టు, చెప్పులు, మొలతాడు, వాచీ కూడా. చొక్కా తల మీదుగా లాగకుండా కత్తిరించండి.
4. సబ్బు, ధారాళంగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగండి. జుట్టు, చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, గోళ్ల సందులు మరవొద్దు. గట్టిగా రుద్దొద్దు. కడగడం కోసం వాహనాన్ని ఆపి ఉంచొద్దు, అది వచ్చేలోపు కడగండి.
5. కళ్లలో పడితే రెప్పలు విప్పిపట్టి 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయండి. లెన్సులుంటే మొదటి ఐదు నిమిషాల తర్వాత తీసి, మళ్లీ కడగండి.
6. స్పృహ లేకపోయినా, వాంతి అవుతున్నా ఎడమ పక్కకు తిప్పి, తల కొద్దిగా వెనక్కి వంచి పడుకోబెట్టండి.
7. డబ్బా లేదా లేబుల్ వెంట తీసుకెళ్లండి. కనీసం ఫోనులో ఫొటో తీయండి.

వాంతి చేయించొద్దు. ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు తాగించి కక్కించడం ఇప్పటికీ ఆగలేదు. ఇ.సి. మందులోని ద్రావకం పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడ వాపు మొదలవుతుంది. ఉప్పు నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. పాలు, నూనె, సారా పోయొద్దు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయొద్దు.

ఆసుపత్రిలో ఏం చెప్పాలి? ఎన్నాళ్లుండాలి?

మందు అసలు పేరు, శాతం, ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది (చర్మానికా, కంటికా, కడుపులోకా), మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది. ఇవి చెబితే చాలు. "పురుగుమందు" అని మాత్రమే చెబితే వైద్యుడికి సగం దారే తెలిసినట్టు. ఆర్గానోఫాస్ఫేట్‌కు ఎట్రోపిన్ ఇస్తారు, ఊపిరితిత్తుల్లో కళ్లె తగ్గేదాకా మోతాదు పెంచుతూ పోతారు. ప్రాలిడాక్సిమ్ కూడా ఇవ్వొచ్చు. అది మందు పట్టిన ఎంజైమును విడిపించడానికి. ఆ పట్టు కాలం గడిచేకొద్దీ విడదీయలేనంతగా గట్టిపడుతుంది, కొన్ని మందులతో ఇది కొద్ది గంటల్లోనే జరుగుతుంది. అందుకే ఆలస్యం ఖరీదైనది. పైరిథ్రాయిడ్‌కు ఈ విరుగుళ్లు పనిచేయవు, లక్షణాలకే చికిత్స. పారాక్వాట్ విషయంలో అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులకు హాని పెరుగుతుంది. ఒక్క పేరు తెలియకపోతే చికిత్స ఇంత మారిపోతుంది.

మరుసటి రోజు లేచి కూర్చోగానే ఇంటికి పోతామని పట్టుబట్టొద్దు. ఆర్గానోఫాస్ఫేట్ ఎక్కాక 1 నుంచి 4 రోజుల మధ్య, తేరుకున్నట్టే ఉన్న మనిషికి మెడ ఎత్తలేనంత బలహీనత, ఆపైన ఊపిరి కండరాల బలహీనత రావచ్చు. దిండు మీంచి తల ఎత్తమని అడగండి, ఎత్తలేకపోతే వెంటనే నర్సును పిలవండి. కొన్ని మందులతో 2, 3 వారాల తర్వాత కాళ్లలో తిమ్మిర్లు, పట్టు తప్పడం మొదలవుతుంది. అలా ఉంటే పాత చీటీతో మళ్లీ వెళ్లాలి.

ఇరవై ఏళ్లుగా కొడుతున్నాను, నాకేం కాలేదు. ఒంటికి అలవాటు పడుతుందా?

పడదు. వాసన అలవాటవుతుంది, విషం కాదు. ఆర్గానోఫాస్ఫేట్ ప్రతి విడతా కొంత కోలినెస్టరేజ్‌ను దెబ్బతీస్తుంది, ఎర్ర రక్తకణాల్లోని ఆ ఎంజైము తిరిగి నిండటానికి వారాలు, నెలలు పడుతుంది. నాలుగు రోజులు వరుసగా కొట్టినవాడు ఐదో రోజు తక్కువ మందుకే పడిపోవడం ఇందువల్లే. "నిన్న ఇంతకంటే ఎక్కువే కొట్టాను, ఏమీ కాలేదు" అనేవాడికి తెలియంది ఏమిటంటే, నిన్నటిది ఇంకా ఒంట్లో లెక్కలోనే ఉంది.

దీన్ని రక్తపరీక్షతో పట్టుకోవచ్చు. చిక్కేమిటంటే మామూలు విలువ మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. అందుకే సీజన్ మొదలవక ముందే, కనీసం 30 రోజులు ఈ మందులు ముట్టనప్పుడు ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకోవాలి. కాలిఫోర్నియా నిబంధనల్లో ఆ తొలి విలువలో 80 శాతం కంటే తగ్గితే మందు పని చేసే పద్ధతులను సరిచూడాలి, ఎర్రకణాల విలువ 70 శాతానికి లేదా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) విలువ 60 శాతానికి పడిపోతే మనిషిని మందు పని నుంచి తప్పించాలి, మళ్లీ 80 శాతానికి చేరాకే పనిలో పెట్టాలి. ప్రతిసారీ అదే ప్రయోగశాలలో, అదే పద్ధతిలో చేయించండి. పైరిథ్రాయిడ్లకు, పారాక్వాట్‌కు ఈ పరీక్ష పనికిరాదు.

తువ్వాలు చుట్టుకుంటే చాలదా?

చాలదు, పైగా నష్టం. తువ్వాలు తడిశాక మందును మూతికి అంటించి ఉంచుతుంది. ధూళికి వాడే పలుచటి మాస్కు తుంపరను కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరికి సేంద్రియ ఆవిర్లను (మందు, ద్రావకాల ఆవిర్లను) పట్టే కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బీ), ముందు ధూళి వడపోత ఉన్న మాస్కు కావాలి. గడ్డం ఉంటే అది మొహానికి బిగుసుకోదు.

కానీ డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు గ్లవుజులు కొనండి. నైట్రైల్ రబ్బరువి, సుమారు 0.4 మి.మీ. మందం, లోపల గుడ్డ లేనివి. తోలు, నూలు గ్లవుజులు మందు పీల్చి పట్టుకుంటాయి, వట్టి చేతులకంటే అన్యాయం. పైకెత్తి చెట్లకు కొట్టేటప్పుడు గ్లవుజు అంచు చొక్కా చేయి పైకి రావాలి, కిందికి కొట్టేటప్పుడు లోపలికి పోవాలి. లేకపోతే కారిన మందు నేరుగా లోపలికి దిగుతుంది. ఫ్యాంటు ఎప్పుడూ బూట్ల పైనే, లోపలికి దోపొద్దు. గ్లవుజులను చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, ఆ తర్వాతే తీయండి.

ఎండలో ఇవన్నీ వేసుకుని పనిచేయడం కష్టమే, కాదని ఎవరూ అనరు. ఆ సంగతి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి రూపొందించిన అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళికీ తెలుసు. అసౌకర్యంగా, ఖరీదుగా, దొరకకుండా ఉండే రక్షణ సామగ్రి అవసరమయ్యే మందులను, ముఖ్యంగా వేడి ప్రాంతాల చిన్న రైతులు, కూలీల విషయంలో, వాడకపోవడమే మేలని అది చెబుతుంది. మా అభిప్రాయమూ అదే. ఎర్ర రంగు మందుకు తగ్గ రక్షణ లేదంటే ఆ మందు కొనకూడదు.

స్ప్రేయర్‌లో ఏమేం చూసుకోవాలి?

మందు పోయకముందు వట్టి నీళ్లు నింపి, ఒత్తిడి ఎక్కించి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. కారేవి ఎక్కువగా నాలుగే చోట్లు: మూత కింది రబ్బరు వాషరు, ట్యాంకు నుంచి గొట్టం బయల్దేరే బిగింపు, చేతిలోని ట్రిగ్గర్ వాల్వు, నాజిల్ మర. మూత వాషరు ఎండిపోతే వంగినప్పుడల్లా మందు మెడ వెనక నుంచి వీపు మీదికి దిగుతుంది. వంగి కొట్టే పైరులో ఇది చాలాసేపు తెలియదు, చెమట అనుకుంటారు. ట్యాంకును మెడదాకా నింపొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయండి, ఇంకో నాజిల్ జేబులో ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఏ వేళలో కొట్టాలి? గాలి ఎంత ఉండాలి?

గంటకు 5 నుంచి 15 కి.మీ. గాలి, అంటే ఆకులు మెల్లగా కదిలేంత. గాలికి అడ్డంగా నడుస్తూ, గాలి వాలు వైపు (గాలి పోయే వైపు) నుంచి మొదలుపెట్టండి, అప్పుడు కొట్టిన మొక్కల్లోకి మళ్లీ దిగాల్సిన పని రాదు. తుంపర మీ నుంచి అవతలికి పోవాలి. బొత్తిగా గాలి లేని తెల్లవారుజాము మంచిదనుకుంటారు. నేల దగ్గర చల్లగాలి కదలకుండా పేరుకున్నప్పుడు సన్న తుంపర అక్కడే తేలుతూ ఉంటుంది, మీరు అందులోనే నడుస్తారు.

మందు కొట్టిన చేలోకి కూలీలు ఎప్పుడు దిగొచ్చు?

లేబుల్ మీద ఉన్న గడువు తీరాక. గడువు రాసి లేకపోతే కనీసం 24 గంటలు, ఆర్గానోఫాస్ఫేట్‌కు 48 గంటలు. అమెరికా నిబంధనల్లో వానలు తక్కువ పడే చోట్ల కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లకు 72 గంటల గడువుంది, ఎందుకంటే పొడి వాతావరణంలో ఆకుల మీది అవశేషం త్వరగా పోదు. ఆకు ఆరిపోయింది కదా అని దిగొద్దు. కాయ కోసేటప్పుడు ముంజేతులు గంటల తరబడి ఆకులకు రాసుకుంటాయి, ఉదయం మంచుకు ఆరిన మందు మళ్లీ తడుస్తుంది. కూలీలకు ఏ మందు ఎప్పుడు కొట్టారో చెప్పాల్సింది చేను యజమాని. అడగడం కూలీల హక్కు, మొహమాటపడొద్దు.

బట్టలు ఎలా ఉతకాలి?

విడిగా, గ్లవుజులతో, ఏ రోజువి ఆ రోజే. ముందు జాడించి, తర్వాత వేడినీళ్లు, సబ్బుపొడితో రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేయండి. నీళ్లు కలపని మందు ఒలికి తడిసిన బట్టలను ఉతకొద్దు, పారేయండి. ఎన్నిసార్లు ఉతికినా అందులోది పూర్తిగా పోదు.

గర్భిణులు, పిల్లలు?

మందు పనిలో వద్దు, కొట్టిన చేలో గడువులోపు వద్దు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001 నాటి 184వ ఒప్పందం ప్రకారం వ్యవసాయంలో ప్రమాదకరమైన పనులకు కనీస వయసు 18 ఏళ్లు.

ఏళ్ల తరబడి పనిచేస్తే క్యాన్సర్ వస్తుందా?

మందును బట్టి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో లిండేన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా, మలాథియాన్, డయాజినాన్, గ్లైఫోసేట్‌లను బహుశా కలిగించగలిగేవిగా వర్గీకరించింది. ఇది ఆధారం ఎంత బలంగా ఉందో చెప్పే వర్గీకరణ, మీకు ఎంత ముప్పో చెప్పేది కాదు. పారాక్వాట్ వాడకానికీ పార్కిన్సన్స్ వ్యాధికీ సంబంధం ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. నులిపురుగులకు వాడిన డీబీసీపీ అనే మందు మగవాళ్లలో వీర్యకణాలను లేకుండా చేస్తుందని 1977లో దాన్ని తయారుచేసే కార్మికుల్లో బయటపడింది.

గోదాములో పురుగులకు బిళ్లలు పెట్టాం, లోపలికి ఎప్పుడు వెళ్లాలి?

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమకే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, 3 గ్రాముల బిళ్ల నుంచి 1 గ్రాము. విరుగుడు లేదు. వాసన రాలేదంటే గాలి శుభ్రంగా ఉందని కాదు, ప్రమాదకరమైన స్థాయిలోనూ కొందరికి వాసన తెలియదు. తలుపులన్నీ తెరిచి గాలి పూర్తిగా ఆడనిచ్చి, వాయువు 0.3 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 0.3 భాగం) కంటే తగ్గిందని మీటరుతో చూశాకే వెళ్లాలి. బిళ్లల మీద నీళ్లు చల్లొద్దు, అంటుకుంటాయి. మనుషులు పడుకునే గదిని ఆనుకుని ఉన్న గోదాములో ఈ బిళ్లలు అసలు పెట్టొద్దు, వాయువు గోడ సందుల్లోంచి వస్తుంది.

ఖాళీ డబ్బాలు ఏం చేయాలి?

ఖాళీ అయ్యాక 30 సెకన్లు ట్యాంకులోకి వంచి పట్టుకోండి. పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, 30 సెకన్లు ఊపి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోయండి. ఇలా మూడుసార్లు. ఇది పిచికారీకి ముందే చేయాలి, తర్వాత చేస్తే కడిగిన నీళ్లు పోయడానికి చోటుండదు. ఆపైన అడుగున మేకుతో చిల్లులు పొడవండి, లేకపోతే ఎవరో ఒకరు నీళ్లకో నూనెకో వాడతారు. కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే. మిగిలిన మందును నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చొద్దు. అసలు డబ్బాలోనే, లేబుల్ చెడకుండా, తాళం వేసి ఉంచండి.